లాకౌట్ మీద సూపర్‌వైజర్లకు మెషీన్ దగ్గర ఏం నేర్పించాలి?

ప్రశ్న:
కొత్తగా సూపర్‌వైజర్లయిన 12 మందికి లాకౌట్, ట్యాగౌట్ (రిపేరు సమయంలో మెషీన్‌కు శక్తి అందకుండా ఆపి తాళం, హెచ్చరిక ట్యాగు వేయడం) మీద రెండు గంటల శిక్షణ ఇవ్వాలి. ఓషా (అమెరికా కార్మిక భద్రతా సంస్థ) 30 గంటల జనరల్ ఇండస్ట్రీ కోర్సు అందరూ పూర్తిచేశారు. మళ్లీ అవే స్లైడ్లు చూపించి లాభం లేదు. తాళం వేశాక కూడా ప్రమాదాలు ఎక్కడ జరుగుతాయో చెప్పగలరా?

జవాబు 1:
ఆ 30 గంటల కోర్సు అవగాహన కోసమేనండి. ఓషా లాకౌట్ నిబంధన 1910.147 అడిగే శిక్షణ దానితో తీరదు, మీ మెషీన్ల మీద విడిగా నేర్పాల్సిందే. పావుగంట మాట్లాడి, మిగతా సమయమంతా హైడ్రాలిక్ ప్రెస్ లాంటి ఒక్క మెషీన్ దగ్గర గడపండి.

కరెంటు ఆపితే అంతా ఆగిపోయిందనుకోవడమే పెద్ద తప్పు. ఐసొలేటర్‌కు (కరెంటును పూర్తిగా విడదీసే స్విచ్‌కు) తాళం వేసినా, ఆయిల్‌ను ప్రెషర్‌తో నిల్వ ఉంచే అక్యుములేటర్‌లో ఆ ప్రెషర్ అలాగే ఉంటుంది. పైకి లేచిన ర్యామ్ (ప్రెస్‌లో పైకీ కిందికీ కదిలే బరువైన భాగం) తన బరువుకే కిందికి రాగలదు. గాలి వాల్వ్ మూసినా సిలిండర్ వైపు గాలి మిగులుతుంది. వీఎఫ్‌డీ (మోటారు వేగాన్ని మార్చే డ్రైవ్) కెపాసిటర్లలో చార్జ్ ఉంటుంది. అందుకే ప్రెషర్ వదిలి గేజ్ సున్నాకు వచ్చిందా చూడాలి, ర్యామ్ కింద సేఫ్టీ బ్లాక్ పెట్టాలి, డ్రైవ్ మీద రాసినన్ని నిమిషాలు ఆగి ఆ కెపాసిటర్లుండే డీసీ బస్ వోల్టేజ్ కొలవాలి. ఎమర్జెన్సీ స్టాప్ నొక్కడం ఐసొలేషన్ కాదు, అది కంట్రోల్ సర్క్యూట్ వరకే. ఈ మాట పదిసార్లు చెప్పినా ఎక్కువ కాదు.

జవాబు 2:
తాళం వేశాక స్టార్ట్ బటన్ నొక్కి చూసి, కంట్రోల్‌ను మళ్లీ ఆఫ్‌లో పెట్టించండి. సెలెక్టర్ స్విచ్ ఆన్‌లో ఉండిపోతే, తర్వాత కరెంటు ఇవ్వగానే మెషీన్ తిరగొచ్చు.

తిరగలేదు కదా అని టెర్మినల్ ముట్టుకోకూడదు. గార్డు ఇంటర్‌లాక్ (రక్షణ తలుపు తెరిస్తే మెషీన్‌ను ఆపే స్విచ్) తెరిచి ఉన్నా మెషీన్ తిరగదు మరి. టెస్టర్‌ను ముందు కరెంటు ఉన్నచోట, తర్వాత పనిచేసే చోట, మళ్లీ కరెంటు ఉన్నచోట పెట్టి చూడాలి. మధ్యలో టెస్టరే పాడైతే అదీ సున్నాయే చూపిస్తుంది, మూడోసారి చూసేది అందుకే.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ ధన్యవాదాలు. షిఫ్ట్ మారేటప్పుడు ఎలా? తాళం వేసినాయన ఇంటికెళ్లిపోతే?

జవాబు 3:
సూపర్‌వైజర్ మీద ఒత్తిడి పడేది అక్కడే. వచ్చేవాళ్లు తమ తాళం వేశాకే వెళ్లేవాళ్లు తీయాలి. ఎక్కువమంది పనిచేస్తుంటే ఐసొలేటర్ల తాళంచెవులన్నీ గ్రూప్ లాక్ బాక్సులో పెట్టి, బాక్సుకు ఎవరి తాళం వాళ్లు వేయాలి.

మనిషి లేకుండా తాళం తీయాల్సివస్తే దానికి ముందే రాసిపెట్టిన పద్ధతి, అందులో శిక్షణ ఉండాలి. అతను ప్రాంగణంలో లేడని నిర్ధారించుకోవాలి, ఫోనులో అందుకునే ప్రయత్నం చేయాలి, అతను మళ్లీ పనిలోకి దిగేలోపే తాళం తీసిన సంగతి చెప్పాలి. సొరుగులో మాస్టర్ కీ ఉందంటే ఇవన్నీ దాటేస్తారు, దయచేసి తీసేయించండి.

చివరి అరగంట, ఆపి ఉంచిన ప్రెస్ మీద ఎవరినీ చేయి పెట్టనివ్వకుండా, గాలి లైనుకు మాత్రం తాళం వేయకుండా వదిలి, ‘పని మొదలుపెట్టమంటారా?’ అని ఒక్కొక్కరినీ విడిగా అడగండి. ప్రొసీజర్ కాగితం చేతబట్టుకుని ప్రతి ఐసొలేషన్ పాయింటు దగ్గరికీ నడిచినవాళ్లకే ఆ లోపం దొరుకుతుంది.