‘క్లాసికల్ ఎంటాంగిల్‌మెంట్’ను తెలుగులో ఏమనాలి?

ప్రశ్న: మామూలు లేజర్ కాంతితో క్వాంటమ్ సంబంధాలను అనుకరించడం మీద ఒక వ్యాసం తెలుగులో రాస్తున్నాను. ‘క్లాసికల్ ఎంటాంగిల్‌మెంట్’ అన్న మాట పదే పదే వస్తోంది. ఎంటాంగిల్‌మెంట్ అంటే రెండు కణాల స్థితులు విడివిడిగా చెప్పలేనంతగా కలిసిపోవడం; అలాంటి పోలిక మామూలు కాంతిలో కనిపిస్తే ‘క్లాసికల్’ (క్వాంటమ్ కాని) అంటున్నారు. ‘సంప్రదాయ చిక్కుముడి’ అంటే సరిపోతుందా?

మొదటి జవాబు: ‘సంప్రదాయ’ అనగానే పట్టుచీరల ప్రకటన గుర్తొస్తుందండీ. ‘క్లాసికల్’ అలాగే ఉంచేయండి. నా అభ్యంతరమల్లా ‘చిక్కుముడి’ మీదే. ఎంటాంగిల్‌మెంట్‌కు 1935లో భౌతిక శాస్త్రవేత్త ష్రోడింగర్ జర్మన్‌లో వాడిన మాట ‘ఫెర్‌ష్రాంకుంగ్’. చేతులు కట్టుకోవడానికి కూడా జర్మన్లు ఆ క్రియే వాడతారు. అందులో చిక్కూ లేదు, ముడీ లేదు. నేనైతే ‘పెనవేత’ అంటాను.

మీ విషయానికి అది ఇంకా బాగా నప్పుతుంది. ఒక రకం లేజర్ పుంజంలో ధ్రువణ దిశలు (కాంతి తరంగం కంపించే దిశలు) బండిచక్రం ఆకుల్లా మధ్య నుంచి బయటికి పరుచుకుని ఉంటాయి. పుంజంలో ఏ చోటు అన్నది చెప్పకుండా ధ్రువణం ఎటు ఉందో చెప్పలేం. చోటూ, ధ్రువణమూ పెనవేసుకుపోయాయన్నమాట. పెనవేసుకున్న రెండు ఫోటాన్లకు (కాంతి కణాలకు) రాసే సమీకరణం రూపమే దీనికీ వస్తుంది. ఈ పోలికను 1998లోనే స్ప్రీయు అనే భౌతిక శాస్త్రవేత్త చూపించాడు. 2015లో రాచెస్టర్ యూనివర్సిటీ వాళ్లు ధ్రువణం ఏ ఒక్క దిశకూ కట్టుబడని మామూలు కాంతి మీద బెల్ కొలత (రెండు గుణాల మధ్య సంబంధం ఎంత గట్టిదో చెప్పే లెక్క) చేస్తే 2.548 వచ్చింది. పెనవేత లేకపోతే 2 దాటకూడదు. క్వాంటమ్ సిద్ధాంతం ఒప్పుకునే గరిష్ఠం సుమారు 2.828.

రెండో జవాబు: మాట బాగుంది కానీ, రెండింటికీ అదే వాడితే, ఆ కొలతకు మూలమైన సిద్ధాంతంలో భౌతిక శాస్త్రవేత్త బెల్ 1964లో చెప్పినదీ ఇదీ ఒకటే అనుకోరూ? అక్కడ దూరదూరంగా ఉన్న రెండు కణాలు. ఇక్కడున్నది ఒకే పుంజం, దాని రెండు గుణాలు. లెక్క 2 దాటినంత మాత్రాన ‘దూరం నుంచి ప్రభావం’ అనే మిస్టరీ ఇక్కడ లేనే లేదు.

మొదటి జవాబు రాసినవారు: నిజమే. అదే 2015లో కరీమి, బాయిడ్ అనే శాస్త్రవేత్తలు ‘సైన్స్’ పత్రికలో ఈ పేరు పక్కన ప్రశ్నార్థకం పెట్టి మరీ ఇదే వాదించారు. అంతకుముందు 2010లో మన భౌతిక శాస్త్రవేత్తలు ఆర్. సైమన్, ముకుంద తదితరులు ‘నాన్‌క్వాంటమ్ ఎంటాంగిల్‌మెంట్’ అన్నారు. ‘క్వాంటమ్ కాదు’ అని పేరులోనే చెప్పేశారు, నిజాయితీ అయిన పేరు. మనం ఫోటాన్ జంటకు ‘క్వాంటమ్ పెనవేత’, ఈ కాంతికి ‘గుణాల పెనవేత’ అంటే గందరగోళం ఉండదు.

ప్రశ్న అడిగినవారు: ‘గుణాల పెనవేత’ ఖాయం. మొదటిసారి వచ్చినచోట ఇంగ్లిష్ మాట కూడా పక్కన రాస్తాను. ఎడిటర్ గారు మళ్లీ ‘చిక్కుముడి’ చేయకపోతే చాలు.