క్లెరిక్ ఉన్న ఆటలో చర్చి బలం ఎలా చూపించాలి?

ఎంవీపీ డైస్: ఆదివారాలు ఎంవీపీ కాలనీలో మా మేడ మీద డంజన్స్ అండ్ డ్రాగన్స్ (తలా ఒక పాత్ర వేసుకుని కథ నడిపే ఆట) ఆడుతున్నాం. ఆట నడిపేది నేనే. కథ జరిగేది మధ్యయుగ యూరప్ లాంటి రాజ్యంలో. కానీ క్లెరిక్ (దేవుడి మహిమలు చేసే పూజారి పాత్ర) ప్రార్థిస్తే గాయం వెంటనే మానిపోతోంది. దాంతో మావాళ్లకి చర్చి అంటే వైద్యం చేయించుకుని వెళ్లిపోయే చోటైపోయింది. బిషప్ ఎదురొచ్చినా ఎవరికీ భయం లేదు. నాకిది చాలా బాధగా ఉంది. మహిమల్ని తగ్గించాలా?

జ్ఞానాపురం వాసి: మహిమల జోలికి వెళ్లకండి గురూ. చర్చి చేతిలో ఇంకా ఏమేం ఉండేవో అవి చూపించండి. ఇంగ్లండ్ చర్చికి పెద్ద అయిన కాంటర్‌బరీ ఆర్చిబిషప్‌గా ఎవరుండాలన్న గొడవలో పోప్ మూడో ఇన్నోసెంట్ 1208లో ఇంగ్లండ్ అంతటా పూజలు ఆపించేశాడు. 1214 దాకా అంతే. పసిపిల్లల జ్ఞానస్నానం, చావుబతుకుల్లో ఉన్నవాళ్ల పాపసంకీర్తనం (ఫాదర్ ముందు పాపాలు ఒప్పుకోవడం) మాత్రం జరగనిచ్చారు. చనిపోయినవాళ్లకి చర్చి ఆవరణలో చోటు లేదు. తగువు రాజు జాన్‌తో, శిక్ష ఊళ్లకి!

ఆ సీన్ పెట్టండి. కొడుకు శవంతో ఒక తల్లి వచ్చింది, ఫాదర్ గేటు తియ్యడు. మీ క్లెరిక్ గాయాలు మాన్పగలడు. ఆ కుర్రాణ్ణి ఎక్కడ పాతిపెట్టిస్తాడు?

ఇంకోటి. ఫాదర్ చెడ్డవాడైతే అతను చేసిన సంస్కారం (జ్ఞానస్నానం లాంటి చర్చి కర్మ) చెల్లుతుందా అని 4వ శతాబ్దంలోనే ఉత్తర ఆఫ్రికాలో పెద్ద గొడవ నడిచింది. చెల్లుతుంది, అది క్రీస్తుది, ఫాదర్‌ది కాదు అన్నాడు అక్కడి బిషప్ పునీత అగస్టీన్. మీ బిషప్ లంచగొండి అయినా మహిమలు పనిచెయ్యనివ్వండి. అప్పుడు మహిమ చూసి మంచివాడో కాదో తేల్చుకోలేరు.

బురుజుపేట అబ్బాయి: మా కనకమహాలక్ష్మి అమ్మవారికి భక్తులే చేతులారా పూజ చేసుకుంటారు. అది చూస్తూ పెరిగినవాళ్లకి మధ్యలో ఫాదర్ ఎందుకని అనిపిస్తుంది. ఆ ప్రశ్న మధ్యయుగ యూరప్‌లోనూ వచ్చింది. ఫ్రాన్స్‌లోని లియోన్‌లో వాల్డో అనే వర్తకుడి అనుచరులు అనుమతి లేకుండా బోధించినందుకు 1184లో చర్చి వాళ్లని వెలివేసింది. మీ క్లెరిక్‌కి మహిమ చేసే అనుమతి ఎవరిచ్చారని బిషప్‌తో అడిగించండి అన్నా.

ఎంవీపీ డైస్: ఈ ఆదివారం ఆ తల్లి సీన్‌తోనే మొదలుపెడతా. క్లెరిక్ ఆ కుర్రాడి మీద చెయ్యి వేస్తే, అనుమతి గురించి అడగడానికి బిషప్ మనుషులు వస్తారు. క్లెరిక్‌గా ఆడేది మా తమ్ముడే, వాడికి ముందే చెప్పను.