అప్‌డేట్: డాకింగ్‌లో నౌక ఊగిసలాట, కారణం దొరికింది

కెర్బల్ స్పేస్ ప్రోగ్రామ్ అనే అంతరిక్ష వీడియో గేమ్‌లో, నౌకను అంతరిక్ష కేంద్రానికి కలిపేటప్పుడు (డాకింగ్) ఆటోపైలట్ మాడ్ (ఆటకు అదనంగా జోడించే ప్రోగ్రామ్) నౌకను స్టేషన్ దగ్గర ఊగిసలాడిస్తూ ఇంధనమంతా తగలేస్తోందని, ఎందుకని ఇంతకుముందు అడిగింది నేనే. సాయం చేసిన అందరికీ కృతజ్ఞతలు.

‘ఒకసారి చేత్తో నడిపి చూడండి’ అన్న సలహాతోనే గుట్టు తెలిసింది. పక్కకు జరపబోతే నౌక ముక్కు కూడా తిరిగింది! నౌకను అటూ ఇటూ జరిపే చిన్న ఇంజిన్లను (ఆర్‌సీఎస్ థ్రస్టర్లు) అన్నిటినీ ముందుభాగానే పెట్టాను; ద్రవ్యరాశి కేంద్రమేమో వెనుక ట్యాంకు దగ్గరుంది. దానికి ముందూ వెనుకా సమదూరంలో నాలుగేసి అమర్చగానే ఆటోపైలట్ తొలి ప్రయత్నంలోనే కలిపేసింది. మాడ్‌ను మళ్లీ ఇన్‌స్టాల్ చేయడం వల్ల ప్రయోజనం లేదు.

అయినా ఇప్పుడు చేత్తోనే కలుపుతున్నాను. సెకనుకు 0.2 మీటర్ల వేగంతో చేరువై, నౌకకూ స్టేషన్‌కూ ఉన్న డాకింగ్ పోర్టులు (అతుక్కునే భాగాలు) ఒకదాన్నొకటి లాక్కునే క్షణం ఎంతో బాగుంటుంది. 2025 జనవరి 16న ఇస్రో డాకింగ్ ప్రయోగమైన స్పేడెక్స్‌లోని రెండు ఉపగ్రహాలు అంతరిక్షంలో కలిసినప్పుడు, మా బెంగళూరులోని ఇస్రో నియంత్రణ కేంద్రం ఇస్ట్రాక్‌లో ఎంత ఉత్కంఠతో చూసి ఉంటారో ఇప్పుడు అర్థమవుతోంది.