మినహాయించడమా, లెక్కకు రానివ్వకపోవడమా?

అమలాపురం నుంచి ప్రశ్న:
కొబ్బరి సాగు మీద నేను రాసే వెబ్ పేజీలో గూగుల్ యాడ్‌సెన్స్ ప్రకటనలు ఉన్నాయి, అంటే గూగుల్ మన పేజీలో ప్రకటనలు వేసి డబ్బు ఇచ్చే సేవ. తప్పులు దిద్దుకోవడానికి నేనే మాటిమాటికీ తెరుస్తుంటాను. తోటివాళ్ల కోసం "సొంత వీక్షణలను ఇంప్రెషన్ల నుంచి మినహాయించండి" అని ఒక సూచన రాశాను. ఇంప్రెషన్ అంటే ప్రకటన పేజీలోకి వచ్చిన ప్రతిసారీ పడే లెక్క. "మినహాయించండి" ఇక్కడ సరిపోతుందా అండీ?

పాలకొల్లు నుంచి జవాబు:
సరిపోదండీ. మినహా అరబ్బీ మాట, ఉర్దూ మీదుగా మన రెవెన్యూ కచేరీల్లోకి వచ్చింది. అసలు అర్థం "అందులోంచి". ముందు మొత్తం తేలాలి, ఆ తర్వాతే అందులోంచి కొంత తీయాలి. శిస్తు వేయకుండా శిస్తు మినహాయింపు ఎక్కడుంటుంది?

కొబ్బరి మార్కెట్ ఉన్న అంబాజీపేట వైపు వాళ్లకి ఇది విడమరిచి చెప్పనక్కర్లేదు. అక్కడ ధర వెయ్యి కాయలకి చెబుతారు, ప్రకటనల ఆదాయం కూడా వెయ్యి ఇంప్రెషన్లకి ఇంత అనే చూస్తారు. దింపు అయ్యాక ఇంట్లోకి కావలసిన కాయలు రైతు ముందే పక్కకి తీసేసుకుంటే అవి లెక్కలోకే రావు. లెక్క తేలాక కుళ్లు కాయలకని వ్యాపారి పెట్టే కోత మాత్రం మినహాయింపు. రెండూ ఒకటే అంటే ఆ రైతే ఊరుకోడు.

యాడ్‌సెన్స్‌లో ఆ కోత పెట్టేది గూగుల్. చెల్లని ట్రాఫిక్ (నిజమైన పాఠకులవి కాని రాకలు, నొక్కులు) అని తేలితే ఆదాయంలోంచి తీసేస్తుంది. మీ చేతిలో ఉన్నది ముందే పక్కకి తీయడం ఒక్కటే, అంటే మీరు తెరిచినప్పుడు ప్రకటన కోడ్ అసలు లోడ్ కాకుండా చూసుకోవడం. మీ పేజీ వర్డ్‌ప్రెస్‌లో ఉంటే, లాగిన్ అయినవాళ్లకి ప్రకటనలు ఆపే ప్లగిన్లు (అదనంగా తగిలించుకునే చిన్న ప్రోగ్రాములు) ఉన్నాయి.

ఇంకోటి, ఇంప్రెషన్‌కి "వీక్షణ" కూడా నప్పదు. ప్రకటన మీ ఫోన్‌లోకి డౌన్‌లోడ్ కావడం మొదలైతే చాలు, లెక్కలో ఒక ఇంప్రెషన్ పడిపోతుంది. మీరు దానికేసి చూశారా, కింద ఉండిపోయిందా అన్నది ఆ లెక్కకి పట్టదు. ఇంప్రెషన్ అనే ఉంచేయండి, అందరికీ తెలిసిన మాటే.

రాజోలు నుంచి:
గూగుల్ వాళ్ల బ్లాగు సేవ బ్లాగర్‌లో సొంత వీక్షణలు లెక్కించవద్దని పెట్టుకోవచ్చు కదండీ, అది చాలదా?

పాలకొల్లు:
అది బ్లాగర్ సొంత గణాంకాలకే. ఆ బ్రౌజర్‌లో ఒక కుకీ, అంటే మిమ్మల్ని గుర్తుపట్టే చిన్న ఫైలు, పెడుతుంది, అంతే. కుకీలు చెరిపేసినా, వేరే ఫోన్లో తెరిచినా మళ్లీ లెక్క మొదలు. యాడ్‌సెన్స్ అంకెకి దానితో సంబంధం లేదు. గూగుల్ అనలిటిక్స్‌లో ఐపీ చిరునామా (మీ ఇంటర్నెట్ కనెక్షన్ నంబరు) చెప్పి సొంత ట్రాఫిక్‌ని ఆపడమూ ఇంతే, అది సందర్శకుల లెక్క. పైగా మొబైల్ డేటా మీద ఐపీ మారుతూనే ఉంటుంది. ఆ ఫిల్టర్‌ని ముందు టెస్టింగ్‌లో పెట్టి చూసుకోండి. యాక్టివ్ చేశాక అది ఆపేసిన డేటా మళ్లీ రాదు. అక్కడ కూడా మినహాయింపు అనే మాట నప్పదని గమనించారా!

రామచంద్రపురం నుంచి:
మరి మన ప్రకటన మనమే నొక్కితేనో?

పాలకొల్లు:
ఆ పని మాత్రం చేయకండి బాబూ. నిబంధనల్లోనే వద్దని ఉంది, ఖాతాకే ఎసరు.

అమలాపురం:
అయితే ఇలా మార్చాను: "మీ పేజీ మీరు తెరిచినప్పుడు ప్రకటనలు లోడ్ కాకుండా చేయండి." బాగుందా?

రాజోలు:
"చేసుకోండి" అంటే ఇంకా బాగుంటుందండీ, ఎవరి పేజీ వాళ్లదే కదా.