ఎం-1 కాల్క్యులస్: ఆర్డర్ మార్చే లెక్కలో లిమిట్స్ తప్పుతున్నాయి, థీరమ్స్‌లో మార్కులు పోతున్నాయి

కానూరు_ఫస్టియర్:

అన్నలూ, అక్కలూ, విజయవాడలో బీటెక్ ఈసీఈ మొదటి సెమిస్టర్. జేఎన్‌టీయూ కాకినాడ ఆర్23 (2023 రెగ్యులేషన్), లీనియర్ ఆల్జీబ్రా అండ్ కాల్క్యులస్ పేపర్, అంటే ఎం-1. మాత్రికల యూనిట్లతో ఇబ్బంది లేదు. కాల్క్యులస్‌లోనే రెండు చోట్ల ఆగిపోతున్నాను.

ఒకటి, డబుల్ ఇంటిగ్రల్: ఎక్స్ 0 నుంచి 1, వై ఎక్స్² నుంచి 2 − ఎక్స్, ఫంక్షన్ ఎక్స్‌వై. ఇంటిగ్రేట్ చేసే ఆర్డర్ మార్చి (ముందు ఎక్స్, తర్వాత వై) విలువ కట్టమన్నారు. వై 0 నుంచి 2, ఎక్స్ 0 నుంచి √వై అని రాస్తే 4/3 వస్తోంది. ఆర్డర్ మార్చకుండా చేస్తే 3/8. పుస్తకంలో కూడా 3/8 ఏ ఉంది.

రెండు: లగ్రాంజ్ మీన్ వాల్యూ థీరమ్ వెరిఫై చెయ్యమంటే సీ (డెరివేటివ్ రెండు కొనలను కలిపే గీత వాలుకి సమానమయ్యే చోటు) విలువ కరెక్టుగానే వస్తోంది. అయినా మొదటి మిడ్‌లో (సెమిస్టర్ మధ్యలో పెట్టే ఇంటర్నల్ పరీక్ష) సగం మార్కులే వేశారు. ఇంటర్ మ్యాథ్స్ 1బి పద్ధతిలోనే రాశాను. ఇక్కడ ఇంకేం రాయాలి?

బెంజ్‌సర్కిల్_సివిల్:

తమ్ముడూ, నీ ఇంటిగ్రేషన్ బాగానే ఉంది, బొమ్మ వెయ్యకుండా లిమిట్స్ రాశావు, చిక్కంతా అక్కడే. ఆర్డర్ మార్చినప్పుడు రీజియన్ మారదు, దాన్ని కోసే దిక్కే మారుతుంది. రీజియన్ కళ్ల ముందు లేకపోతే కొత్త లిమిట్స్ ఊహించి రాయడమే అవుతుంది.

ముందు ఇచ్చిన లిమిట్స్ నుంచి నాలుగు సమీకరణాలు రాసుకో: ఎక్స్ = 0, ఎక్స్ = 1, వై = ఎక్స్², వై = 2 − ఎక్స్. పారాబొలా, సరళరేఖ ఎక్కడ కలుస్తాయో చూడు. ఎక్స్² + ఎక్స్ − 2 = 0, అంటే ఎక్స్ = 1 లేదా −2. మనకు కావలసింది 1, బిందువు (1, 1). సరళరేఖ వై అక్షాన్ని (0, 2) దగ్గర కోస్తుంది. కాబట్టి రీజియన్ మూలలు (0, 0), (1, 1), (0, 2). ఈ మూడూ బొమ్మ మీద అంకెలతో సహా వెయ్యి, మార్కులు దానికీ ఉంటాయి.

ఇచ్చిన లెక్కలో డీవై లోపల ఉంది కనక స్ట్రిప్ (రీజియన్‌ని కోసే సన్నని పట్టీ) నిలువు. ఇప్పుడు అడ్డ స్ట్రిప్ గీసి కింద నుంచి పైకి జరుపుతూ పో. ఎడమ కొన ఎప్పుడూ ఎక్స్ = 0 మీదే ఉంటుంది. కుడి కొన మాత్రం వై = 1 వరకు పారాబొలా మీద, అక్కడి నుంచి సరళరేఖ మీద ఉంటుంది. కొన ఒక గీత వదిలి ఇంకో గీత ఎక్కిన చోట ఇంటిగ్రల్‌ని రెండు ముక్కలు చెయ్యాలి. నువ్వు 2 వరకు √వై నే ఉంచేశావు. అందుకే స్ట్రిప్ సరళరేఖ దాటి బయటికి పోయింది.

మొదటి ముక్క: వై 0 నుంచి 1, ఎక్స్ 0 నుంచి √వై. లోపలి ఇంటిగ్రల్ వై²/2, దాని విలువ 1/6.
రెండో ముక్క: వై 1 నుంచి 2, ఎక్స్ 0 నుంచి 2 − వై. లోపలిది వై(2 − వై)²/2. విస్తరిస్తే (4వై − 4వై² + వై³)/2, దాని విలువ 5/24.
4/24 + 5/24 = 9/24 = 3/8.

4/3 తప్పని పుస్తకం చూడకుండానే పట్టుకోవచ్చు. ఈ రీజియన్ వైశాల్యం 7/6. లోపల ఎక్స్‌వై అత్యధిక విలువ (1, 1) దగ్గర 1. అంటే జవాబు 7/6 దాటే అవకాశమే లేదు, నీకు వచ్చినది దాటింది. అర నిమిషం పట్టే చెకింగ్ ఇది, పరీక్ష హాల్లో చాలా పనికొస్తుంది.

ఇంకో లెక్క కూడా చేసి చూడు: వై ఎక్స్ నుంచి ఇన్ఫినిటీ, ఎక్స్ 0 నుంచి ఇన్ఫినిటీ, ఫంక్షన్ ఈ టు ది పవర్ మైనస్ వై, బై వై. ఇచ్చిన ఆర్డర్‌లో మొదటి అడుగే పడదు, ఎందుకంటే ఆ ఫంక్షన్‌కి మనకు తెలిసిన ఫంక్షన్లలో ఇంటిగ్రల్ లేదు. మారిస్తే ఎక్స్ 0 నుంచి వై అవుతుంది. లోపల ఇంటిగ్రేట్ చేయగానే ఒక వై వచ్చి కింద ఉన్న వై కొట్టేసుకుపోతుంది, జవాబు 1. అసలు ఆర్డర్ మార్చమని ఎందుకు అడుగుతారో ఈ ఒక్క లెక్కతో తెలుస్తుంది.

బ్రాడీపేట_మ్యాథ్స్:

రెండో ప్రశ్నకు నేను చెబుతాను బాబూ. ఈఏపీసెట్ బిట్లకు సీ వస్తే చాలు. ఇక్కడ పేపర్ దిద్దేవాళ్లు సీ కంటే ముందు షరతులు వెతుకుతారు. షరతులు లేకుండా సీ రాస్తే థీరమ్ వాడినట్టు కాదు, ఒక సమీకరణం సాధించినట్టు మాత్రమే.

ఎఫ్(ఎక్స్) = ఎక్స్³ − 6ఎక్స్² + 11ఎక్స్ − 6, ఇంటర్వల్ [0, 4] అనుకోండి. మొదటి వాక్యం: ఎఫ్ పాలినామియల్ కాబట్టి [0, 4] మీద కంటిన్యూయస్. రెండోది: (0, 4) మీద డిఫరెన్షియబుల్. కంటిన్యుటీకి మూసిన బ్రాకెట్లు, డిఫరెన్షియబిలిటీకి తెరిచినవి. ఇది తారుమారైతే మార్కు పోతుంది. తర్వాత ఎఫ్(0) = −6, ఎఫ్(4) = 6, వాలు 12/4 = 3. డెరివేటివ్‌ని 3కి సమానం చేస్తే 3సీ² − 12సీ + 8 = 0, సీ = 2 ± 2/√3, అంటే సుమారు 0.845, 3.155. చివరి వాక్యం చాలామంది వదిలేస్తారు: ఈ రెండు విలువలూ (0, 4) లోపలే ఉన్నాయి, కాబట్టి థీరమ్ వెరిఫై అయింది. ఒక సీ బయట పడితే దాన్ని కొట్టేసి, ఎందుకు కొట్టేశారో రాయాలి.

షరతులు ఊరికే పెట్టలేదు. మాడ్ ఎక్స్ తీసుకుని [−1, 1] మీద రోల్స్ థీరమ్ (రెండు కొనల దగ్గర విలువ ఒకటే అయితే మధ్యలో ఎక్కడో డెరివేటివ్ సున్నా అనేది) వేసి చూడండి. రెండు కొనల దగ్గర విలువ 1, కంటిన్యూయస్ కూడా. కానీ డెరివేటివ్ ఎక్కడా సున్నా కాదు, ఎందుకంటే 0 దగ్గర అసలు డెరివేటివే లేదు.

10 మార్కులకు ఎక్కువగా ఇచ్చేవి ఇన్‌ఈక్వాలిటీలు. టాన్ ఇన్వర్స్ 4/3 విలువ పై/4 + 3/25 కి, పై/4 + 1/6 కి మధ్య ఉంటుందని చూపమంటారు. టాన్ ఇన్వర్స్‌కి ఎ = 1, బి = 4/3 తో లగ్రాంజ్ వెయ్యండి. డెరివేటివ్ 1/(1 + సీ²). ఇక్కడ సీ పెరిగితే 1/(1 + సీ²) తగ్గుతుంది, అందుకే చిన్న హద్దు బి నుంచి, పెద్ద హద్దు ఎ నుంచి వస్తాయి. ఆ తిరగేసే స్టెప్ మనసులో చేసేసి హద్దులు తారుమారు చేసేవాళ్లే ఎక్కువ. దాన్ని విడిగా ఒక లైన్‌లో రాయండి.

మిడ్ పోయిందని దిగులు వద్దు. ఆర్23లో రెండు మిడ్‌లలో ఎక్కువ వచ్చినదానికి 80 శాతం, తక్కువ వచ్చినదానికి 20 శాతం లెక్క. రెండోది బాగా రాస్తే చాలావరకు సర్దుకుంటుంది.

కానూరు_ఫస్టియర్:

థ్యాంక్యూ అన్నా, థ్యాంక్యూ సార్. బొమ్మ వేసి చేస్తే 3/8 వచ్చింది. ఇంకొకటి మొదలుపెట్టాను: ఎక్స్ 0 నుంచి 4ఎ, వై ఎక్స్²/4ఎ నుంచి 2√(ఎఎక్స్), ఫంక్షన్ ఏమీ లేదు, డీవై డీఎక్స్ మాత్రమే. ఇందులో రెండు ముక్కలు రావట్లేదు. ఏమైనా వదిలేశానా? పోలార్‌లోకి మార్చేటప్పుడు ఏం చూసుకోవాలో కూడా చెప్పండి.

మంగళగిరి_మెకానికల్:

ఏమీ వదల్లేదు తమ్ముడూ. అడ్డ స్ట్రిప్ ఎడమ కొన మొదటి నుంచి చివరి దాకా వై² = 4ఎఎక్స్ మీదే, కుడి కొన ఎక్స్² = 4ఎవై మీదే ఉంటుంది. గీత మారలేదు కనక ముక్కలు అక్కర్లేదు. వై 0 నుంచి 4ఎ, ఎక్స్ వై²/4ఎ నుంచి 2√(ఎవై), జవాబు 16ఎ²/3. ముక్కలు ఎన్నో బొమ్మే చెబుతుంది, లెక్క రకాన్ని బట్టి బట్టీ పట్టకు.

పోలార్‌లో ముందు చూసుకోవలసింది ఆర్. డీఎక్స్ డీవై స్థానంలో ఆర్ డీఆర్ డీథీటా రాయాలి, ఆ ఆర్ జాకోబియన్ (వేరియబుల్స్ మార్చినప్పుడు వైశాల్యం ఎంత రెట్లు మారుతుందో చెప్పేది) నుంచి వస్తుంది. మర్చిపోయావో లేదో తెలియాలంటే ఎ వ్యాసార్థం ఉన్న వృత్తం వైశాల్యం కట్టి చూడు. ఆర్ లేకపోతే 2పైఎ వస్తుంది, అది పొడవు, వైశాల్యం కాదు. ఈ టు ది పవర్ మైనస్ (ఎక్స్² + వై²) ని మొదటి క్వాడ్రంట్ అంతటా ఇంటిగ్రేట్ చేసే లెక్కలో ఆ ఆర్ లేకపోతే ముందుకే కదలదు. ఉంటే ఆర్² = టీ అని పెట్టి రెండు లైన్లలో పై/4 వస్తుంది. థీటా లిమిట్స్ 0 నుంచి పై/2 మాత్రమే, అలవాటుగా 2పై రాయకు.

ఇంటర్ మ్యాథ్స్ 2బి లో చదివిన సైన్ పవర్, కాస్ పవర్ ఫార్ములాలు ఇక్కడ రోజూ కావాలి. అవి 0 నుంచి పై/2 కే. సైన్ పవర్ 4 అయితే 3/4 × 1/2 × పై/2 = 3పై/16. పవర్ 3 అయితే 2/3, చివర పై/2 ఉండదు. 0 నుంచి పై వరకు అయితే సైన్ క్యూబ్‌కి రెట్టింపు చేసి 4/3 అనొచ్చు. కాస్ క్యూబ్‌కి అలా చేస్తే తప్పు, అది 0, ఎందుకంటే రెండో సగంలో కాస్ రుణాత్మకం.

2బి పుస్తకం దగ్గర లేకపోతే ఏలూరు రోడ్డులో లెనిన్ సెంటర్ దగ్గర పాత పుస్తకాల షాపుల్లో అడుగు. డెఫినిట్ ఇంటిగ్రల్స్ చాప్టర్ ఒక్కసారి తిరగేసి మల్టిపుల్ ఇంటిగ్రల్స్‌కి రా.

బెంజ్‌సర్కిల్_సివిల్:

ఒకటి కలుపుతాను. లగ్రాంజ్ మల్టిప్లయర్స్‌లో (షరతు ఉన్నప్పుడు గరిష్ఠ, కనిష్ఠ విలువలు కనుక్కునే పద్ధతి) మూత లేని పెట్టె లెక్క తప్పకుండా చేసి చూసుకో: ఘనపరిమాణం 32, ఉపరితలం కనిష్ఠం. మూత లేదు కనక ఉపరితలం ఎక్స్‌వై + 2వైజెడ్ + 2జెడ్‌ఎక్స్. ఇందులో 2ఎక్స్‌వై అని రాసేస్తే లెక్కంతా మూత ఉన్న పెట్టెది అయిపోతుంది. వచ్చిన మూడు సమీకరణాల్లో లాంబ్డా (షరతుని గుణించే తెలియని సంఖ్య) విలువ కోసం వెతకొద్దు. మొదటిదాన్ని ఎక్స్‌తో, రెండోదాన్ని వైతో, మూడోదాన్ని జెడ్‌తో గుణిస్తే లాంబ్డా ఉన్న పదం మూడింట్లోనూ ఒకటే అవుతుంది. పోల్చి చూస్తే ఎక్స్ = వై = 2జెడ్. 4జెడ్³ = 32, జెడ్ = 2. కొలతలు 4, 4, 2, ఉపరితలం 48.