అప్‌డేట్: అది ఫంగస్ కాదట

పోయిన వారం అడిగాను కదా, తెల్లబట్ట పల్చగా, బూడిద రంగులో అవుతోంది, చేపల వాసన వస్తోంది, దురద మాత్రం లేదు అని. సోమవారం మద్దిలపాలెంలో లేడీ డాక్టర్‌కి చూపించుకున్నాను. చిన్న కాగితం ముక్కతో పీహెచ్ (ఆమ్లత్వం కొలత) చూశారు, 4.5 దాటింది, అంటే ఉండాల్సినదానికంటే ఎక్కువట, బ్యాక్టీరియల్ వజైనోసిస్ (యోనిలో మంచి బ్యాక్టీరియా తగ్గి వేరేవి పెరగడం) అన్నారు. ఫంగస్ అయితే విరిగిన పెరుగులా గడ్డలుగా అవుతుందట, దురద, మంట ఎక్కువట, వాసన పెద్దగా ఉండదట. నేనేమో మందుల షాపులో అడిగి ఫంగస్ క్రీమ్ పది రోజులు రాసుకున్నాను, ఇంకెలా తగ్గుతుంది! వాసన పోవాలని సబ్బుతో లోపల కూడా కడిగేదాన్ని, దానివల్ల మంచి బ్యాక్టీరియా పోయి ఇంకా ఎక్కువవుతుందని చెప్పారు, విని చాలా బాధేసింది. మెట్రోనిడజోల్ అనే యాంటీబయాటిక్ 7 రోజులకి రాశారు. నాలుగో రోజుకే వాసన పోయింది, అయినా కోర్సు మధ్యలో ఆపను. కడుపుతో ఉన్నవాళ్లు మాత్రం అస్సలు ఆలస్యం చేయకండి, నెలలు నిండకుండానే కాన్పయ్యే ప్రమాదం పెరుగుతుందట.