కర్రీ పాయింట్ పెట్టే ముందు ప్రణాళిక రాసుకోవాలా?

అడిగినవారు (విజయవాడ):
ఆరు లక్షలతో కర్రీ పాయింట్ పెడదామనుకుంటున్నాను. ముందు ప్రణాళిక రాసుకోమంటారు బావగారు. చేతిలో వంట ఉండగా కాగితాలెందుకంటుంది అమ్మ. మీరేమంటారు?

మెస్ పెట్టి మూసినవారు:
నేను రాయకుండా దిగాను, పద్నాలుగు నెలలకు మూసేశాను. కూరలు బాగాలేక కాదు. రోజూ గల్లాపెట్టెలో డబ్బు కనిపిస్తుంటే లాభమే అనుకున్నాను. ఆ తర్వాత వేసిన లెక్క ఇది: అద్దె 18 వేలు, వంటమాస్టరు 25 వేలు, సహాయకుడు 14 వేలు, గ్యాసూ కరెంటూ 15 వేలు. నెలకు 72 వేలు, అంటే రోజుకు 2,400. 40 రూపాయల ప్యాకెట్‌లో సరుకులకూ కవరుకూ 24 పోగా మిగిలేది 16. రోజుకు 150 అమ్మితే ఖర్చులకు సరి. నేను అమ్మింది 120. రాత్రి 20 ప్యాకెట్లు పారబోస్తే 480 పోయినట్టే, 30 ప్యాకెట్ల మిగులు అది! ఇక కార్తీకమాసంలో చికెన్ కూర సంగతి చెప్పనక్కర్లేదు. ఈ అర పేజీ ముందే రాసుకుని ఉంటే ఆ అద్దెకు ఒప్పుకునేవాణ్ని కాదు.

బేకరీ యజమాని (వరంగల్):
నేను 40 పేజీలు రాయించానండీ. రాసింది ఆడిటరు. కేంద్ర ప్రభుత్వ స్వయం ఉపాధి పథకం పీఎంఈజీపీ కింద రాయితీ రావాలంటే ప్రాజెక్ట్ రిపోర్టు తప్పదు కదా. అందులో అమ్మకాలు ఏటా పది శాతం పెరుగుతాయట. మా వీధి టైలరింగ్ షాపు రిపోర్టులోనూ అదే పది శాతం! మొదటి వేసవిలోనే కొట్టు ముందు రోడ్డు తవ్వి మూడు నెలలు వదిలేశారు. అది ఏ పేజీలో ఉంది? పుట్టినరోజు కేకులు ఇళ్లకు తీసుకెళ్లి ఇచ్చి నిలదొక్కుకున్నాను.

మెస్ పెట్టి మూసినవారు:
మీది బ్యాంకు కోసం రాసిన కాగితం, నాది నా కోసం వేసుకున్న లెక్క. ఆ మూడు నెలల అద్దె చేతిలో ఉందా, లేదా?

బేకరీ యజమాని:
ఉంది, మా ఆవిడ గాజులు తాకట్టు పెడితే. సరే, ఆ మాట ఒప్పుకుంటాను. కానీ మీ 150 ఖర్చుల్లోంచి పుట్టిన అంకె. అంతమంది కొంటారని ఎవరు చెప్పారు?

ఇంటి దగ్గర పచ్చళ్లు అమ్మేవారు (రాజమండ్రి):
ఇద్దరూ వాదించుకుంటున్నారు గానీ, ఆ వీధిలో ఇప్పుడున్న కర్రీ పాయింట్ ఎదుట రెండు గంటలు కూర్చోమని ఆ అబ్బాయికి ఎవరూ చెప్పలేదు. ఎన్ని పోతున్నాయో లెక్కపెట్టు నాయనా, ఆ తర్వాత రాసుకో.

అడిగినవారు:
నిన్న సాయంత్రం టీ కొట్టులో కూర్చున్నానండీ. 7 నుంచి 9 దాకా 83 ప్యాకెట్లు. సగం సాంబారు, పప్పే. ఆదివారం మధ్యాహ్నం మళ్లీ వెళతాను. షట్టరుకు అడ్వాన్సు ఇంకా ఇవ్వలేదు.